సవినయముగా మనవి చేయునదేమనగా

మనలో చాలామంది రాసిన మొదటి ఉత్తరం ఒక అబద్ధం. "యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్" అని మొదలవుతుంది. జ్వరం ఉండదు, మేనత్త కూతురి పెళ్లి ఉంటుంది. పెళ్లని రాస్తే సెలవు ఇవ్వరనేం కాదు. టీచరు బోర్డు మీద రాసిన నమూనాలో జ్వరం ఉంది కాబట్టి మనకూ జ్వరమే. నాలుగో తరగతిలో పట్టుకున్న ఆ జ్వరం పదో తరగతి దాకా తగ్గదు. పైన "రెస్పెక్టెడ్ సర్", కింద "యువర్స్ ఒబీడియంట్‌లీ". తెలుగు మీడియం అయితే పైన "సవినయముగా మనవి చేయునదేమనగా", కింద "ఇట్లు తమ విధేయుడు". మధ్యలో ఏం రాసినా ఎవరూ చదవరని ఆ వయసులోనే అర్థమైపోతుంది.

పన్నెండేళ్ల తర్వాత అదే పిల్లవాడు ఉద్యోగానికి కవర్ లెటర్ రాస్తాడు. జ్వరం ఉన్నచోట ప్యాషన్ వచ్చి కూర్చుంటుంది. మిగతాదంతా అదే.

నేను తార్నాకలో ఒక చిన్న ఆఫీసులో పనిచేస్తాను. పేరు అనవసరం. ఇంగ్లీషులో వచ్చే పాఠాలనీ, ఫారాలనీ, యాప్‌లలో కనిపించే నాలుగు మాటల వాక్యాలనీ తెలుగులోకి తెస్తాం. ఏడాదికి రెండు మూడుసార్లు కొత్త మనుషులు కావాల్సొస్తుంది. దరఖాస్తులు మొదట చదివేది నేనే. ఐదేళ్లుగా చదువుతున్నాను. కథల పోటీకి న్యాయనిర్ణేతగా ఉండటం కంటే ఇది కష్టమైన పని. కథ బాగోకపోతే ఆ కథే పోతుంది. ఇక్కడ ఒక మనిషికి వచ్చే నెల గది అద్దె పోతుంది.

ఎడిటర్ ఉద్యోగానికి ఉత్తరం తెలుగులో రాయమని మా ప్రకటనలో అడుగుతాం. వచ్చేవి ఇలా ఉంటాయి: "మీ గౌరవనీయ సంస్థలో తెలుగు ఎడిటర్ పాత్ర పట్ల నా ప్రగాఢ ఆసక్తిని వ్యక్తపరచడానికి ఈ లేఖ రాస్తున్నాను." పాత్ర! సురభి నాటకంలో వేషం అడిగినట్టు. "మీ సంస్థ యొక్క దార్శనికత నన్ను ఎంతగానో ప్రేరేపించింది." మా సంస్థ దార్శనికత ఏమిటో నాకే తెలీదు. రావాల్సిన బిల్లులు నెలాఖరులోగా వసూలు చేసుకోవడమే అనుకుంటాను. "నేను ఫలితాల ఆధారిత వ్యక్తిని, బృంద ఆటగాడిని." ఈ చివరి మాట నేను కల్పించింది కాదు. టీమ్ ప్లేయరట.

నవ్వొస్తుంది, నిజమే. కానీ ఆ వాక్యాలు ఆ పిల్లలవి కావు. కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్ ఇచ్చిన ఫార్మాట్, అమీర్‌పేటలో ఎవరో సార్ చెప్పిన సాఫ్ట్ స్కిల్స్ క్లాసు, సీనియర్ నుంచి జూనియర్‌కి చేతులు మారిన వర్డ్ ఫైలు. ఫైల్లో కంపెనీ పేరొక్కటే మారుతుంది. ఒక్కోసారి అదీ మారదు. ఒకరి ఉత్తరం ప్రకారం మేం ఔషధాల తయారీలో దేశంలోనే అగ్రగామి సంస్థ.

వందేళ్ల కిందట గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు కొట్లాడింది ఇలాంటి దాని మీదే. 1910లలో మద్రాసు ప్రెసిడెన్సీలో చదువుకునే పిల్లలు తెలుగు వ్యాసం ఏ భాషలో రాయాలన్నది పెద్ద తగాదా. పిల్లవాడు ఇంట్లో మాట్లాడని, పంతులుగారు కూడా బజార్లో మాట్లాడని భాషలో రాయిస్తే ఏమవుతుంది? వాడు తనకు తెలిసింది చెప్పడం మానేసి, తప్పు దొర్లకుండా చూసుకోవడంలో పడిపోతాడు. నాకు అర్థమైనంతలో ఆ గొడవ సారం ఇది. తెలుగులో ఆ యుద్ధం గెలిచాం, సరే. మరి "ఐ యామ్ రైటింగ్ టు ఎక్స్‌ప్రెస్ మై కీన్ ఇంట్రెస్ట్" అని ఏ ఊళ్లో ఎవరు మాట్లాడతారు? అది ఇంగ్లీషులో గ్రాంథికం. దాన్ని మళ్లీ తెలుగులోకి దించుకుని కొత్త గ్రాంథికం ఒకటి తయారుచేసుకున్నాం. ఇందులో అరసున్నాలు లేవు, అంతే తేడా.

ఈ తలవంచుకున్న గొంతు మనకు అర్జీల్లోంచి వచ్చిందని అంటారు. నేను అర్జీని అంత తేలిగ్గా తీసిపారేయను. సోమవారం ప్రజావాణి రోజు ఏ కలెక్టరాఫీసు దగ్గరికైనా వెళ్లి, జనం చేతుల్లో ఉన్న కాగితాలు చూడండి. పైన రెండు వరుసలు దండాలు, దస్తాలు ఉంటాయి. మూడో వరుసలో సర్వే నంబరు ఉంటుంది. ఎన్ని గుంటలు, ఏ నెల నుంచి పింఛను ఆగింది, ఎన్నిసార్లు ఎవరి దగ్గరికి తిరిగారు, అన్నీ ఉంటాయి. అది రాసిచ్చిన మనిషికి తెలుసు, పని జరిగేది సర్వే నంబరు వల్లనేనని. మన కవర్ లెటర్ అర్జీలోంచి దండాలు తీసుకుంది, సర్వే నంబరు వదిలేసింది.

ఎందుకు వదిలేసిందంటే, మనకు మన గురించి చెప్పుకోవడం సిగ్గు. ఈ సిగ్గుకు చాలా పాత చరిత్ర ఉంది. కర్ణపర్వంలో అర్జునుడు ధర్మరాజు మీద కత్తి ఎత్తి, తర్వాత పశ్చాత్తాపంతో తనను తాను పొడుచుకోబోతాడు. అప్పుడు కృష్ణుడు చెప్పిన ఉపాయం ఏమిటి? నిన్ను నువ్వు పొగుడుకో, అదే ఆత్మహత్యతో సమానం, అని. ఆ కథ విని పెరిగిన జాతికి అమెరికా నుంచి వచ్చిన ట్రైనింగ్ పుస్తకం "మిమ్మల్ని మీరు అమ్ముకోండి" అని చెప్పింది. మనం తెలివైన రాజీ ఒకటి చేసుకున్నాం. సొంత నోటితో పొగుడుకోవడం తప్పు కాబట్టి అరువు నోటితో పొగుడుకుంటున్నాం. "హార్డ్‌వర్కింగ్, డెడికేటెడ్, సెల్ఫ్ మోటివేటెడ్" అని ఇంగ్లీషులో రాస్తే అది మనం అన్నట్టుండదు. ఇరానీ చాయ్ తాగుతూ ఎదుటి మనిషితో "నేను చాలా కష్టజీవినండీ, గొప్ప నిబద్ధత గలవాణ్ణి" అని అనగలరా? అని చూడండి. కప్పు కింద పెట్టి లేచిపోతాడు. నోటితో అనలేని వాక్యం కాగితం మీద కూడా ఉండకూడదు. నాకు తెలిసిన పరీక్ష ఇదొక్కటే.

అయితే చేసిన పని చెప్పడం పొగుడుకోవడం కాదు. ఈ తేడా తెలియకపోవడం వల్ల ఎంత నష్టమో చెప్తాను. పోయిన వేసవిలో సూర్యాపేట వైపు నుంచి ఒకమ్మాయి దరఖాస్తు పెట్టింది. ఉత్తరం అచ్చు నమూనానే. పాత్ర, ప్రగాఢ ఆసక్తి, దార్శనికత. డిగ్రీ తర్వాత రెండేళ్లకు "స్వీయ నైపుణ్యాభివృద్ధి" అని రాసింది. పక్కన పెట్టేసేదాన్నే. కానీ రాతపరీక్షలో రాసిన తెలుగు బాగుంది కాబట్టి పిలిచాం.

"ఈ రెండేళ్లు ఏం చేశావమ్మా?" అన్నాను.

"ఊర్లనే ఉన్న మేడమ్. మీసేవల చేసిన."

"ఏం పని?"

"ఏముంటది మేడమ్, టైపింగే. పేర్లు."

పేర్లు. మా ఆఫీసులో సగం తలనొప్పులు పేర్లవే. ఇంగ్లీషులో కొట్టిన పేరును కంప్యూటరు తెలుగులోకి మారిస్తే రాధ రాదా అవుతుంది. ఒకే మనిషి ఒక కాగితంలో లక్ష్మమ్మ, ఇంకో కాగితంలో లచ్చమ్మ. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. ఊళ్ల పేర్లయితే ఇక చెప్పక్కర్లేదు. ఆ అమ్మాయి రెండేళ్లు ఇవే చూసింది. ఏ పేరు ఎన్ని రకాలుగా పడుతుందో ఒక పొడుగాటి నోటుబుక్కులో రాసుకుంది. ఎవరైనా వస్తే టైపు చేసే ముందు పాత కాగితాలన్నీ బల్ల మీద పెట్టించి, ఏది సరైందో అడిగి, అప్పుడు కొట్టేదట. "కంప్యూటర్ దానంతటదే మార్చేస్తది మేడమ్, దాన్ని నమ్మొద్దు" అంది. మేం కొత్తవాళ్లకి ఈ ఒక్క సంగతి నేర్పడానికి నెలలు పడుతుంది.

"మరి ఇది ఉత్తరంలో ఎందుకు రాయలేదు?"

"గది గూడ చెప్పుకునే పనేనా మేడమ్? సార్ చెప్పిండు, గ్యాప్ ఉంటే కనబడనియ్యొద్దని."

ఆ సార్ ఎవరో నాకు తెలీదు. ఫీజు తీసుకుని ఆయన చేసిన పని ఏమిటంటే, ఆ పిల్ల దగ్గరున్న ఒక్క బంగారు నాణేన్నీ రేకు డబ్బాలో పెట్టి పాతిపెట్టించడం. పైన "స్వీయ నైపుణ్యాభివృద్ధి" అని బోర్డు పాతించాడు. ఇంగ్లీషు మీడియంలో, సిటీలో చదువుకున్న పిల్లలకు ఈ నమూనా వల్ల పెద్ద నష్టం లేదు. వాళ్ల కాలేజీ పేరే వాళ్ల తరఫున మాట్లాడుతుంది. నష్టమంతా ఎవరి జీవితం నమూనాలో పట్టదో వాళ్లకి. మీసేవ, ఎరువుల దుకాణం, నాన్న ఆటో లెక్కలు, ఊళ్లో ట్యూషన్లు, తమ్ముడి చదువు కోసం మానేసిన ఏడాది, వీటికి ఫార్మాట్‌లో గడి లేదు. గడి లేనిది సిగ్గుపడాల్సిందని పిల్లలు అనుకుంటారు.

ఆ అమ్మాయి రాసి ఉండాల్సిన ఉత్తరం నేనైతే ఇలా రాస్తాను:

"నేను రెండేళ్లు మా ఊరి మీసేవ కేంద్రంలో పనిచేశాను. దరఖాస్తుల్లో పేర్లు, చిరునామాలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఎక్కించడం నా పని. ఇంగ్లీషులో కొట్టిన పేరును కంప్యూటరు తెలుగులోకి మార్చినప్పుడు ఎలాంటి తప్పులు పడతాయో ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాను. అందులో నాలుగు పేజీల ఫోటోలు జత చేశాను. మీరు తెలుగులోకి తెచ్చిన యాప్‌లో ఊళ్ల జాబితా చూశాను. రెండు పేర్లు ఇలాగే తప్పు పడ్డాయి. అవి కింద రాశాను. అనువాదం నేను ఇంతవరకు చేయలేదు, నేర్చుకోవాలి. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి రాగలను."

ఇందులో విశేషణం ఒక్కటి లేదు. "కష్టపడతాను" అని లేదు, నోటుబుక్కు ఉంది. "మీ సంస్థంటే గౌరవం" అని లేదు, మా యాప్ తెరిచి చూసిందన్న రుజువు ఉంది. "అనువాదం చేయలేదు" అన్న ముక్క మిగతా వాక్యాలన్నిటినీ నమ్మేలా చేస్తుంది. చదవడానికి ఒక నిమిషం పట్టదు. ఇలాంటి ఉత్తరం వస్తే నేను కుర్చీలో సర్దుకుని కూర్చుంటాను. బయోడేటాలో ఉన్నదే మళ్లీ ఉత్తరంలో వల్లించేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, ఇందులో డిగ్రీ గురించి, మార్కుల గురించి ఒక్క ముక్క లేదని. అవి పక్క కాగితంలో ఉన్నాయి కదా.

ఇలా చెప్తే ఎవరో ఒకరు లియొనార్డో డావించిని తీసుకొస్తారు. సుమారు 1482లో ఆయన మిలాన్ పాలకుడికి రాసిన ఉత్తరం ఇంటర్నెట్‌లో ప్రపంచపు మొదటి బయోడేటాగా తిరుగుతుంటుంది. వంతెనలు కడతాను, ఫిరంగులు చేస్తాను, కోటలు పడగొడతాను అని వరసగా చెప్పి, బొమ్మలు కూడా వేయగలనని చివర్లో చెప్తాడు. ఎదుటివాడికి యుద్ధం అవసరమని తెలిసి రాసిన ఉత్తరం. బాగుంది. కానీ అది మేధావి ఉత్తరం, మనకు దూరం. నాకు దగ్గరగా అనిపించేది మద్రాసు పోర్ట్ ట్రస్ట్ గుమస్తా రాసిన రెండు ఉత్తరాలు. ఆయనా మేధావే అనుకోండి, కానీ మనలాగే ఇంటర్ తప్పిన మేధావి.

శ్రీనివాస రామానుజన్ 1912 ఫిబ్రవరిలో పోర్ట్ ట్రస్ట్‌కు గుమస్తా ఉద్యోగం కోసం దరఖాస్తు పెట్టాడు. ఆ కాగితం ఈ రోజు మనం రాసేదానికి పెద్ద తేడాగా ఉండదు. ఖాళీ ఉందని తెలిసి వేడుకుంటున్నాను, మెట్రిక్యులేషన్ పాసయ్యాను, ఎఫ్.ఏ. దాకా చదివాను, కొన్ని ప్రతికూల పరిస్థితుల వల్ల చదువు ఆగింది, ఉద్యోగమిస్తే న్యాయం చేస్తాను. మధ్యలో ఎక్కడో ఒక వాక్యం: ఈ మధ్యకాలమంతా గణితం మీదే గడుపుతున్నానని. అంతే. ఏ గణితం, ఏం కనిపెట్టాడు, ఏమీ లేదు. దానితో పాటు ప్రెసిడెన్సీ కాలేజీ గణిత ఆచార్యుడు మిడిల్‌మాస్ట్ సిఫారసు జత చేశాడు. మార్చి 1న ఉద్యోగంలో చేరాడు. నెలకు 30 రూపాయలు.

ఏడాది తిరక్కుండా, 1913 జనవరి 16న, అదే గుమస్తా కేంబ్రిడ్జిలో ఉన్న హార్డీకి ఉత్తరం రాశాడు. అదీ వినయంగానే మొదలవుతుంది. వేడుకుంటున్నాను అన్న ఇంగ్లీషు మాట ఇందులోనూ మొదటి వాక్యంలోనే ఉంటుంది. నేను పోర్ట్ ట్రస్ట్ అకౌంట్స్‌లో గుమస్తాని, ఏడాదికి 20 పౌండ్ల జీతం, యూనివర్సిటీ చదువు లేదు, అని దాపరికం లేకుండా చెప్పేస్తాడు. మన ట్రైనింగ్ సార్ అయితే ఈ పేరా కొట్టేయించేవాడు. ఆ తర్వాత అసలు సంగతి. మీరు రాసిన "ఆర్డర్స్ ఆఫ్ ఇన్ఫినిటీ" చూశాను, 36వ పేజీలో ప్రధాన సంఖ్యల గురించి ఇప్పటిదాకా సరైన సూత్రం దొరకలేదని రాశారు, నాకు ఒకటి దొరికింది, అంటాడు. వెనక పేజీల కొద్దీ సూత్రాలు. 36వ పేజీ! ఎవరికి రాస్తున్నాడో, ఆయన ఎక్కడ ఆగాడో తెలిసి రాయడమంటే ఇది. తమాషా ఏమిటంటే, ప్రధాన సంఖ్యల మీద ఆయన చెప్పుకున్నది అంత సరైంది కాదని తర్వాత తేలింది. ఫర్వాలేదు. హార్డీని కదిలించినవి మిగతా పేజీల్లో ఉన్నాయి. 1914 ఏప్రిల్‌కల్లా రామానుజన్ ఇంగ్లండులో ఉన్నాడు.

కాబట్టి "రెస్పెక్టెడ్ సర్" రాస్తే కొంపలేం మునగవు. వినయం మీద నాకు కోపం లేదు. వినయం తర్వాత ఖాళీ ఉంటేనే కోపం.

ఇక్కడ ఒక గట్టి ప్రశ్న ఉంది, దాన్ని దాటేయలేను. రామానుజన్‌కు గుమస్తా ఉద్యోగం ఉత్తరం వల్ల వచ్చిందా, మిడిల్‌మాస్ట్ సిఫారసు వల్ల వచ్చిందా? మన ఇళ్లల్లో పెద్దవాళ్లు ఈ ప్రశ్నకు ఎప్పుడో జవాబు తేల్చేశారు. "ఈ రాతలన్నీ ఎందుకురా, ఎవరితోనైనా ఒక మాట చెప్పించు." ఇప్పుడు దాన్నే రెఫరల్ అంటున్నారు. చాలా కంపెనీల్లో మాట చెప్పినవాడికి బహుమానం కూడా ఇస్తారు. పెద్దవాళ్ల మాట అబద్ధమని నేను అనను. కానీ ఆ ఒక్క మాటలో ఏముంటుందో విన్నారా? "మనవాడే, మంచోడు, పని చేస్తాడు." అది ఇంకొకరి నోటితో చెప్పించిన కవర్ లెటర్. అందులో మొదటి మాటకే బరువంతా. ఆ "మన"లో ఏ ఊరు, ఏ కులం, ఏ కాలేజీ ఉంటాయో మనకందరికీ తెలుసు. ఆ "మన" లోపల పుట్టినవాడికి ఉత్తరం అవసరం లేదు. బయట పుట్టినవాడికి ఆ ఒక్క పేజీ తప్ప లోపలికి దారి లేదు. ఆ పేజీ దండగ అని కాఫీ తాగుతూ తేల్చేసేవాళ్లని గమనించండి, దాదాపు అందరికీ ఎక్కడో ఒక బాబాయి ఉంటాడు.

సాహిత్య మిత్రుల ధోరణి ఇంకో రకం. "ఉద్యోగం అడుక్కునే కాగితానికి శిల్పమేమిటి?" అన్నాడు ఒక కవి మిత్రుడు. పోతన భాగవతాన్ని రాజుకు ఇవ్వనన్న కథ మనకు ఇష్టం. అడగడం చిన్నతనం, అమ్ముకోవడం పాపం. బాగానే ఉంది. ఇదే మిత్రుడు ముందుమాట కోసం పెద్ద కవిగారికి రాసిన మెయిల్ నాకు చూపించాడు. "తమవంటి నిష్ణాతుల" దగ్గర మొదలై "ధన్యుణ్ణి" దగ్గర ఆగింది. అందులో పుస్తకం దేని గురించో ఎక్కడా లేదు. ఏ వెబ్ పత్రికకో కథ పంపినప్పుడు మెయిల్లో మీరేం రాశారో ఒకసారి తెరిచి చూసుకోండి. "నా చిన్ని ప్రయత్నం, ఆదరిస్తారని ఆశిస్తూ" కాకపోతే నాకు చెప్పండి. కథలో ఒక్క వాడుకమాట ఎక్కువైతే గింజుకునే మనం, మన తరఫున మనం మాట్లాడాల్సిన చోట మాత్రం శుభలేఖ భాషలోకి జారిపోతాం.

ఈ రెండేళ్లుగా ఇంకో మార్పు. ఉత్తరాలు ఒక్కసారిగా నున్నగా అయిపోయాయి. తప్పుల్లేవు, మూడు పేరాలు, ప్రతి పేరాలోనూ సమతూకం. ఎవరు రాస్తున్నారో అందరికీ తెలుసు. ప్రకటనను చాట్‌జీపీటీలో వేస్తే ఉత్తరం బయటికొస్తుంది. నేను దాన్ని నేరమనను. ఇంగ్లీషు భయం ఉన్న పిల్లలకు వ్యాకరణం సరిచూసుకోవడానికి అదొక ఊతకర్ర, వాడుకోనివ్వండి. కానీ దానికి మీ నోటుబుక్కు సంగతి తెలీదు. చెప్పనిదాన్ని అది రాయలేదు కాబట్టి ఖాళీని నింపుతుంది. నింపడం దానికి బాగా వచ్చు. అందరూ నున్నగా రాస్తున్నప్పుడు నున్నదనానికి విలువ పోయింది. ఒకప్పుడు తప్పుల్లేని ఇంగ్లీషు చూసి "కాన్వెంటు పిల్ల" అని పక్కన తీసిపెట్టేవాళ్లు. ఆ వంక ఇక చెల్లదు. తెలుగు మీడియం పిల్లలకు నిజానికి ఇది మంచి కాలం, వాళ్ల దగ్గరున్నది వాళ్లు చెప్పగలిగితే. పెద్ద కంపెనీల్లో సాఫ్ట్‌వేరే ముందు వడపోస్తుందని భయపడేవాళ్లు, అది వెతికే మాటలేవో బయోడేటాలో పెట్టుకోండి. ఉత్తరం మనిషికి రాయండి.

ఆ మనిషి చదువుతాడా అంటారా? అక్కడికే వస్తున్నాను. ఉద్యోగమిచ్చేవాళ్ల సంగతి మాట్లాడకుండా పిల్లలకు మాత్రమే సుద్దులు చెప్పడం అన్యాయం. జీతం ఎంతో రాయరు, "పరిశ్రమ ప్రమాణాలకు తగినట్టు" అంటారు. పదిహేను వేల ఉద్యోగానికి ప్యాషన్ కావాలంటారు. మాది ఆఫీసు కాదు కుటుంబం అంటారు. కుటుంబంలో నోటీసు పీరియడ్ ఏమిటో నాకు అర్థం కాదు. కవర్ లెటర్ తప్పనిసరి అని ఎర్రచుక్క పెట్టి, వచ్చినవి తెరవరు. "తీసుకోవట్లేదు" అని ఒక్క ముక్క కూడా రాయరు. చదవని ఉత్తరం రాయించుకోవడం అంటే వందల మందితో ఒక పూట వెట్టి చేయించుకోవడం. చదివే ఓపిక లేకపోతే అడగడం మానేయండి. అబద్ధాలు రాస్తున్నారని మనం ఆ పిల్లల్ని తప్పుపడతాం. నిజం రాసినా, అబద్ధం రాసినా ఒకే నిశ్శబ్దం ఎదురైతే, నమూనా కాపీ కొట్టడం తెలివైన పనే కదా.

మా చిన్న ఆఫీసులో ఒక మార్పు చేశాం. ప్రకటనలో కవర్ లెటర్ అన్న మాట తీసేశాం. "మీరు చేసిన ఒక పని గురించి 200 మాటల్లో చెప్పండి. ఎలా చేశారు, ఎక్కడ ఇబ్బంది వచ్చింది? మీ గుణగణాలు రాయొద్దు." అంతే. జీతం అంకె కూడా రాశాం, ప్రకటన కింద, పెద్ద అక్షరాల్లో. వచ్చే దరఖాస్తులు సగానికి తగ్గాయి. మిగిలినవాటిలో కొన్ని ఇప్పటికీ నున్నగానే ఉంటున్నాయి. కానీ చదువుతున్నప్పుడు ఎదురుగా ఎవరో కూర్చున్నట్టు అనిపించేవి ఇప్పుడు పదికి రెండో మూడో తగులుతున్నాయి. వంటల పోటీలో అమ్మకు రెసిపీ రాసిపెట్టిన కథ, గుడి మైకులో చదివే చందాల జాబితా సరిదిద్దిన కథ, అలాంటివి. తీసుకోనివాళ్లకి రెండు వరుసలు రాస్తున్నాం. దానికి నాకు ఒక శనివారం పడుతుంది.

మొన్న ఒకబ్బాయి ఫోన్ చేశాడు. ప్రకటనలో ఉన్న నంబరు నాదే. డిగ్రీ ఈ ఏడాదే అయిందట.

"మేడమ్, 200 మాటలు రాయమన్నరు. నేను చేసిన పనేం లేదు మేడమ్. ఫ్రెషర్‌ని."

"హాస్టల్లో ఉన్నావా?"

"ఉన్న. మూడేండ్లు."

"అక్కడేం చేసేవాడివి?"

"ఏం లేదు మేడమ్, చదువుడే. ఫైనల్ ఇయర్ల మెస్ లెక్కలు రాసేటోణ్ణి. వంట మేస్త్రీ ఓ లెక్క చెప్తడు, కూరగాయలాయన ఓ లెక్క చెప్తడు. రోజూ లొల్లే."

"ఎంతమంది తినేవాళ్లు?"

"నూట ఇరవై. ఆదివారం తగ్గుతరు."

"ఆదివారం తగ్గుతారని ఎలా తెలుసు?"

"రాసిన గద మేడమ్, బుక్కుల."

"ఆ బుక్కు ఉందా?"

"ఇంట్ల ఉంది. అట్ట పోయింది."

"ఆదివారాల పేజీలు ఫోటో తీసి పంపించు. లొల్లి గురించి కూడా రాయి."